గురువమ్మాళ్ ఎత్తిన అరవై కిలోలు

ఈ వాకిట్లో కూర్చుని టీ తాగిపోయే నోళ్లకి ఊళ్ళో అందరి కథలూ కావాలి. మిల్లు యజమాని ఎలా పోయాడో అడిగారు, ఎవరి పిల్ల ఎవరితో లేచిపోయిందో అడిగారు. గురువమ్మాళ్ సంగతి ఒక్కరైనా అడిగారా? ఆమె చేతి ఇడ్లీలు తిని పెరిగిన కడుపులే మీవన్నీ! సిగ్గుండాలి. ఆ ఫోన్లు కింద పెట్టి వినండి.

గురువమ్మాళ్‌ది రాజపాళయమే. పొద్దున ఇడ్లీలు అమ్మి, ఆస్పత్రులకి కట్టు గుడ్డ నేసే కంపెనీలో మడత పని చేసేది. మొగుడు ఇరుళప్పన్ స్పిన్నింగు మిల్లులో పని చేస్తూ ఒకరోజు అక్కడే పడిపోయాడు. కుడివైపంతా చచ్చుబడింది. అప్పటికి ఆమెకి యాభై నాలుగేళ్లు.

మాట బాగానే ఉంది, బుద్ధి బాగానే ఉంది, ఒళ్ళు మాత్రం ఆయన చేతిలో లేదు. పొద్దున మంచం మీంచి స్నానపు రాయి మీదికి, రాయి మీంచి మళ్ళీ మంచం మీదికి చేర్చాలి. పక్కింటి మగ్గం ఆడించే ఇద్దరు మగాళ్లు వచ్చి ఎత్తేవాళ్లు. వాళ్లు మంచివాళ్లే. కానీ ఎత్తేటప్పుడు మూట ఎత్తినట్టు ఒకరికొకరు కేకలేసుకునేవాళ్లు. పంచె తొలగితే ఒకడు నవ్వేవాడు. ఇరుళప్పన్ కళ్ళు మూసుకునేవాడు. ఆ మూసుకున్న కళ్ళని గురువమ్మాళ్ చూడలేకపోయింది. ఆస్పత్రి కాటా మీద ఆయన యాభై ఎనిమిది కిలోలు తూగాడు. ఆ అంకె ఆమె మనసులో మేకులా దిగింది.

ఆమె తమ్ముడు మూక్కన్‌కి ఒక రేకుల షెడ్డుండేది, కుర్రాళ్లు కసరత్తు చేసుకునేది. ఇనప సామాను కొనే స్తోమత లేక, ఇనప పైపు రెండు కొసల్నీ పెయింటు డబ్బాల్లో నిలబెట్టి సిమెంటు పోసి తనే బరువులు తయారు చేశాడు. డబ్బా మీద ఎర్రరంగుతో అంకె రాశాడు. పది, పదిహేను, ఇరవై, అలా అరవై దాకా గోడ వారగా వరసపెట్టాడు.

“తమ్ముడూ, మామను నేనే ఒంటిగా ఎత్తాల. నేర్పిస్తావా?” అని అడిగింది ఆమె.

“నీవా? ఉప్పు మూట కూడా నన్నే మోయమంటివి గదక్కా!” అని నవ్వాడు మూక్కన్. నవ్వినా నేర్పాడు. నడుం వంచకుండా మోకాళ్లతో లేవడం నేర్పాడు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేర్పాడు. ఒక లెక్క చెప్పాడు.

“ఒక బరువును పన్నెండు తూర్లు ఎత్తాల. వరసగా మూడు దినాలు ఎత్తినావంటే పైదానికి పో. పోయిన దినం పన్నెండు రాదు, అయిదో ఆరో వస్తాది. దానికి ఏడవద్దు. బరువు ఎక్కినప్పుడు లెక్క దిగాల, అదే ఎక్కినట్టు.”

గురువమ్మాళ్ రెండో క్లాసు. అంకెలు వచ్చు, అంతే. రోజూ చింపే కాలెండరు కాగితం వెనక పైన బరువు అంకె వేసేది, కింద ఎన్నిసార్లు ఎత్తితే అన్ని గీతలు గీసేది. ఆ కాగితాన్ని వంటింట్లో కరెంటు బిల్లులు గుచ్చే కొక్కేనికి గుచ్చేది. పదిహేనుకి వెళ్ళిన రోజు ఆరు గీతలు. ఇరవైకి వెళ్ళిన రోజు అయిదు. ఇరవై ఐదుకి వెళ్ళిన రోజు నాలుగే. ఆ నాలుగు మెల్లగా తొమ్మిది అయ్యాయి. తొమ్మిది దగ్గర ఆగిపోయాయి.

నాలుగు నెలలు అక్కడే. షెడ్డు మెట్టు మీద కూర్చుని ఏడ్చింది కూడా.

“విడు అక్కా, ముప్పైకి పోదాం. పైది పట్టినావంటే కిందది తేలికవుతాది” అన్నాడు మూక్కన్.

పదిరోజులాగి, పైవన్నీ పగిలాయని కొత్తగా పోశానంటూ ముప్పై పైపు చూపించాడు. డబ్బాలు కొత్తవి, పెద్దవి. చూస్తేనే భయమేసింది. పట్టి లేచింది. ఒకటి, రెండు... పన్నెండు! మొదటిరోజే పన్నెండు గీతలు. ఆ సాయంత్రం బస్సెక్కి శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళి పాల్‌కోవా తెచ్చి తమ్ముడి నోట్లో తనే పెట్టింది. వాడు నమిలి మింగాడు.

ఆ తర్వాత ఆమెకి అడ్డులేదు. ముప్పై ఐదు, నలభై, యాభై. ఏడాదిలో అరవై. అరవై ఎత్తిన రోజు మూక్కన్ ఫోటో తీసి షెడ్డు ముందర ఫ్లెక్స్ కట్టాడు. ఫ్లెక్స్‌లో గురువమ్మాళ్ పైపు పట్టుకుని నిలబడి ఉంటుంది, పక్కన సింహం బొమ్మ, కింద పెద్దగా 60. పక్క ఊరు తళవాయిపురం నించి కూడా జనం వచ్చి షెడ్డులో చేరారు.

మర్నాడు పొద్దున పక్కింటి మగాళ్లు వస్తే గడప దగ్గరే ఆపింది.

“మీరింక రావద్దయ్యా. ఇన్నాళ్లు ఎత్తినారు, మీకు పుణ్యం.”

“గురువూ, వాండ్లను పిలువు” అన్నాడు ఇరుళప్పన్ మంచం మీంచి.

“అరవై ఎత్తినాను మామా. నీవు యాభై ఎనిమిదే. మెడ పట్టుకో.”

ఆయన ఎడమచేత్తో మెడ పట్టుకున్నాడు. ఆమె చంకల కింద చేతులు దూర్చి, ఊపిరి బిగబట్టి లేచింది. మంచం వదిలాడు. స్నానపు రాయి దాకా నాలుగడుగులు. రెండో అడుగులో ఆమె నడుం నీళ్ళయింది. ఇరుళప్పన్ తుంటి రాతి అంచు మీద పడింది. ఆ చప్పుడు పక్కింటి మగ్గం మోతలోంచి కూడా వినిపించింది.

కింద పడినవాడు అన్న మాట వినండి. “నీ తప్పు కాదే. నాకే బరువు ఎక్కి ఉండాల.”

ఆమే అదే అనుకుంది. ఆస్పత్రిలో ఎముక విరిగిందని చెప్పారు. తూచారు. యాభై ఏడు. ఒక కిలో తగ్గాడు.

ఆ రాత్రి గురువమ్మాళ్‌కి నిద్ర లేదు. తెల్లారి కొక్కెం దింపి కాగితాలన్నీ నేల మీద పరిచింది. పదిహేను దగ్గర గీతలు దిగాయి. ఇరవై దగ్గర దిగాయి. ఇరవై ఐదు దగ్గర దిగాయి. ముప్పై దగ్గర దిగలేదు. ఆ పైన ఎక్కడా దిగలేదు. బరువు ఎక్కింది, లెక్క దిగలేదు. తమ్ముడు చెప్పిన లెక్కే, తన చేత్తో గీసిన గీతలే. తన బలం అనుకుని పాల్‌కోవా పెట్టిన రోజే లెక్క తప్పింది.

షేర్ ఆటో పిలిచి ముప్పై పైపునీ అరవై పైపునీ ఎక్కించుకుంది. మూక్కన్ ఇంకా లేవలేదు. నేరుగా పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుకి పోయింది. పత్తి బేళ్లు తూచే కాటా దగ్గర తమిళ్సెల్వన్ అనే పిల్లవాడు గుమాస్తా.

“ఏంది అవ్వా, సిమెంటు అమ్ముతావా?”

“నోరు మూసుకొని తూచప్పా.”

ముప్పై ఇరవై రెండు తూగింది. అరవై నలభై ఒకటి. ఆమె అక్కడే గునపం అడిగి తీసుకుని డబ్బా పగలగొట్టింది. పైన వేలెడు మందం సిమెంటు. అడుగున సిమెంటే, నడుమ మాత్రం మిల్లు పారేసే పత్తి చెత్త, కూరి కూరి పెట్టింది.

ఆ చెత్త కొంగులో కట్టుకుని షెడ్డుకి పోయింది. ఫ్లెక్స్ కిందే నిలబడి మూక్కన్ ముందు కొంగు విప్పింది.

వాడు వంగి కింద రాలిన చెత్త ఏరాడు. తర్వాత అన్నాడు. “నీవు ఏడుస్తా ఉంటివక్కా. నాలుగు నెలలు అక్కడే నిల్చిపోతివి. విడిచిపెట్టి పోతావని భయపడినాను. నీ సంతోషానికే చేసినాను.”

“ఈ బోర్డు కూడా నా సంతోషానికేనా?”

“నిన్ను చూసి గదా అక్కా ఊరంతా వచ్చినది...”

“ఊరికి చూపించనీకి నేను రాలేదురా. నా మొగుడ్ని ఎత్తగలనా లేదా, అది ఒక్కటే నాకు తెలియాల. తెలిసి ఉంటే ఆ మగాళ్లను ఇంకో రెండేండ్లు పిలుచుకొని ఉందును. నవ్వితే నవ్వనీ అని ఉందును. ఆయన తుంటి బాగుండును.”

“నీవు ఎత్తిన నలభై ఒకటి నిజమే గదక్కా...”

“నీ నోటితో ఆ అంకె చెప్పొద్దు.”

తమ్ముడితో ఆమె మాట్లాడిన ఆఖరి మాట కాదది. ఇంకొకటుంది, వస్తుంది.

ఇంటి వెనక తాపీ మేస్త్రి చేత కొత్త డబ్బాలు పోయించింది, కళ్ళ ముందర, ఒట్టి సిమెంటు. ప్రతిదీ పత్తి కాటా మీద పెట్టి, చూపిన అంకెనే నల్లరంగుతో రాసింది. నలభై ఒకటి నించి మళ్ళీ మొదలుపెట్టింది. గీతలు మళ్ళీ దిగడం మొదలయ్యాయి. నలభై నాలుగు దగ్గర మూడే.

ఇరుళప్పన్ మాత్రం మంచం మీదే కరిగిపోయాడు. యాభై, నలభై ఆరు, ముప్పై తొమ్మిది. ఒక పొద్దున పక్కింటివాళ్లు లేకపోతే ఆమే ఎత్తి రాయి మీద కూర్చోబెట్టింది. ముప్పై తొమ్మిది కిలోలే మిగిలాడు.

“చూడు, ఎత్తేసినావే!” అని ఆయన మురిసిపోయాడు.

గురువమ్మాళ్ తల వంచుకుని నీళ్ళు పోసింది. ఆ రోజు కాగితం వెనక ఒక్క గీత కూడా గీయలేదు.

ఆయన పోయినప్పుడు పుట్టింటి చీర పట్టుకుని మూక్కన్ వచ్చాడు. మొగుడు పోయిన ఆడదానికి అన్నదమ్ములు చీర పెట్టాలి, మనలో అది తప్పదు. జనమంతా చూస్తుండగా ఆమె ఆ చీర మడత విప్పి, మోచేతితో మూర మూరగా కొలిచింది. కొస నించి కొస దాకా. వాడు తల దించుకుని నిలబడ్డాడు.

“పన్నెండు మూరలు. సరిగ్గా ఉంది, తీసుకొని పో” అంది. అదీ ఆఖరి మాట. చీర పెట్టింది పక్కింటామె, ధనం అని ఆమె పేరు. పుట్టిల్లు ఉండగా పక్కింటి చీర కట్టిందని ఊరు మూతి తిప్పుకుంది. తిప్పుకోనీ.

ఎత్తడం మాత్రం ఆపలేదు. ఎవర్నని ఎత్తుతావు ఇంక అని ధనం అడిగితే కొంగు దోపుకుని పైపు పట్టింది. మరో నాలుగేళ్లకి యాభై ఎనిమిది అని నల్లరంగుతో రాసిన పైపు నేల వదిలింది. నాలుగడుగులు మోసి, స్నానపు రాయి పక్కన మెల్లగా దించింది. కాగితం వెనక ఒక గీత గీసి కొక్కేనికి గుచ్చింది. దాని పైన ఇంకో కాగితం పడలేదు. ఆ వానాకాలం జ్వరం తగిలి పోయింది.

అప్పటికి గురువమ్మాళ్‌కి అరవై మూడేళ్లు.