ముక్కుతో ఏరిన కంప్యూటర్

మా చిన్నమ్మ కూతురు ఏ సామానైనా ముక్కు దగ్గర పెట్టుకోనిదే కొనదు. జబ్బుపడ్డ గొర్రెను వాసనతోనే పట్టేసే ఇల్లు వాళ్లది.

మహబూబ్‌నగర్‌లో ఇద్దరం ఒకే రోజు మొదటి కంప్యూటర్‌కు పార్టులు కొన్నాం. నేను రంగు లైట్ల క్యాబినెట్‌కు మురిసి, పవర్ సప్లై చవకది తీసుకున్నాను. చెల్లె సెకండ్‌హ్యాండ్ పార్టుల్లోనే ఒక్కొక్కటీ వాసన చూసి ఏరుకుంది. "గిది మాడు వాసనొస్తాంది, వద్దు" అంటుంటే షాపాయనతో కలిసి నవ్వాను.

నెలకే నా కంప్యూటర్ ఆగిపోయింది. చెల్లె వచ్చి, మూత తీయకముందే వంగి వాసన చూసింది.

"పవర్ సప్లై పోయిందన్నా. ఫికర్ జెయ్యకు, నా దగ్గర ఇంకోటుంది."

ఆ మంచితనానికే నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు ఏది కొన్నా నేనూ ముక్కు దగ్గర పెట్టుకుంటాను. కొత్త అట్టపెట్టె వాసన తప్ప ఇంతవరకు నాకేమీ రాలేదు.