వన్ టౌన్ బడి వదలని పేరు

మొన్న మా మేనకోడలు కొడుకుని కొత్త బడిలో చేర్పించడానికి తోడు వెళ్లాను. పని ముగించుకుని బయట ఆటో బేరమాడేలోపే, పాత బడి నుంచి వాడి వివరాలన్నీ వచ్చేశాయని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "ఎంత సులువో చూడత్తా!" అంది. నాకు వన్ టౌన్‌లోని ఒక మాష్టారు గుర్తొచ్చారు.

అప్పట్లో నేను గాజువాకలో ఒక హైస్కూల్లో గుమాస్తాని. పిల్లల వివరాలకి ఒక సాఫ్ట్‌వేరు, పరీక్షలకి ఇంకొకటి. రెండూ పంతం పట్టిన తోడికోడళ్లలా మాట్లాడుకునేవి కావు. దీంట్లోది కాగితం మీద రాసుకుని దాంట్లో కొట్టడమే నా ఉద్యోగం. ఏ పని జరగకపోయినా "సర్వర్ డౌన్" అనేసి చేతులు దులుపుకునేదాన్ని. దసరాకి కంప్యూటర్‌కి బొట్టు పెడుతూ కూడా దాన్ని అనుమానంగానే చూసేదాన్ని. ఆ ఏడు వన్ టౌన్ నుంచి మా పదో తరగతిలోకి వచ్చిన ఒక అమ్మాయి పేరు పరీక్షల జాబితాకెక్కలేదు. వాళ్ల నాన్న పోర్టులో పని మానేసి స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికి చేరాడు. పాపం, రెండు వారాలు మా ఆఫీసు చుట్టూ తిరిగాడు. నేను సర్వర్ మీదకే తోశాను. పరీక్షల జాబితాకి మర్నాడే గడువనగా వచ్చి, "ఏటమ్మా, మా పిల్ల రోజూ మీ బడికే వత్తంది గదా, కంప్యూటర్‌కి కనబడదేటి?" అన్నాడు. సిగ్గేసింది. అప్పుడు కుదురుగా చూస్తే, పాత బడి వాళ్లు కంప్యూటర్‌లో తమ జాబితా నుంచి ఆ పిల్ల పేరు వదల్లేదు. వాళ్లు వదిలితే గాని మేం తీసుకోలేం.

వాళ్ల హెడ్మాష్టారిని కడిగేద్దామని బస్సెక్కాను. అక్కడ తొమ్మిదీ పదీ ఒకే గదిలో కూర్చున్నాయి. ఆయన టీ తెప్పించి, "తప్పు నాదేనమ్మా. ఈ ఒక్క పేరూ తగ్గితే పై తరగతులు ఎత్తేత్తారు. మిగిలిన పిల్లలు ఎక్కడికెల్తారు? తనిఖీ అయిపోయాక వదిలేద్దారనుకున్నాను" అన్నారు. కోపం ఎటు పోయిందో!

"రేపే గడువు మాష్టారూ. పిల్లకి ఏడాది పోద్ది" అన్నాను మెల్లగా.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. కంప్యూటర్ ముందుకి జరిగి, పేరు వదిలే బటన్ మీద వేలు పెట్టి, చాలాసేపు ఆగి, నొక్కారు.

ఆ అమ్మాయి పరీక్ష రాసి పాసయింది. ఆయన భయపడ్డట్టే మరుసటి ఏడు అక్కడ పై తరగతులు ఎత్తేశారు. మిగిలిన పిల్లలకి ఆయనే ఊరంతా తిరిగి బళ్లు వెతికి, ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకుండా అందరి పేర్లూ వదిలారని విని, ఆఫీసులోనే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు పేర్లు నిమిషంలో వెళ్లిపోతున్నాయి, మంచిదే. ఆ రోజు ఆయన వేలు బటన్ మీద ఆగిన ఆ కాస్త సమయం మాత్రం నాకింకా గడవనేలేదు.