బోసి చేయి

ప్రొద్దుటూరులో పెన్న ఒడ్డున తిరునాళ్ల మైదానంలో కొత్త భవనాలు కట్టినప్పుడు ఖాజాబీ గాజుల అంగడి పీకేశారు. కొత్త దుకాణాల్లో ఆమెకు చోటివ్వలేదు. తిరునాళ్లనాడు, బాగుచేసిన పాత రాతిమంటపంలో గాజులు పరుచుకుని కూర్చుంది. వేళ్లు నలిపి, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించడం ఆమె పద్ధతి. ఒకామెకు ఒక చేతికే గాజులు వేసి ఉండగా కాపలాదారు జయచంద్ర వచ్చాడు.

“లెయ్యి అవ్వా, ఈడ కూసోగూడదు.”

“ఈ పాప రెండో చెయ్యి బోసిగా పెట్టి ఎట్ల లేసేదప్పా? కీడు గదా!”

ఆ చేయి నిండేలోగా పక్కనున్నామె తన చేయి చాచింది. ఆమె తర్వాత ఇంకొకామె. పొద్దుగూకేదాకా వరస తెగలేదు. జయచంద్రకు నవ్వొచ్చింది.

“ఇంగ ఈడ్నే ఉండు. పెద్దసార్లకు నేను చెప్పుకుంటాలే.”

మొన్న మంటపం నీడలో నాకు కనిపించినప్పుడు ఖాజాబీ అంది: “ఆ ఆడోళ్ల పేర్లు అడగల్యా నాయనా. దువాలో అల్లాకు ఏమని చెప్పాల? అందరూ నా కూతుర్లనే చెప్తాండా.”