నాలుగంగుళాలు వెనక్కి

"నాన్న పోయాడు మాస్టారూ. మధ్యాహ్నం అన్నం తిని ఆ సీట్లో కూర్చున్నాడు, ఇంక లేవలా" అని మేస్త్రి గారి అమ్మాయి ఫోన్ చేసింది. ఏ సీటని నేను అడగలేదు.  అందులో ఒకసారి నేనూ కూర్చున్నాను.

సత్తెనపల్లి దాటాక పత్తి మిల్లు పక్కన ఆయన రేకుల షెడ్డు. కార్లకీ లారీలకీ సీట్లు బిగించడం ఆయన పని. నా ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. బడిలో పిల్లలు నాకు పెట్టిన పేర్లన్నీ ఇక్కడ రాయను. చిన్న కారు కొనుక్కుని, మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకుంటుంటే, సీటును నాలుగంగుళాలు వెనక్కి జరిపించుకుందామని వెళ్ళాను.

ఆయన ముందు టేపు తియ్యలేదు. నన్ను కార్లో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. "ఎదురుగా మిరప బస్తాల లారీ వస్తంది. బ్రేకు తొక్కండి." తొక్కాను. కళ్ళు తెరిచేసరికి స్టీరింగు మీద, డాష్‌బోర్డు మీద, కిటికీ అంచున సుద్దగీతలు. "ఇది మోకాలు. ఇది ఛాతీ. ఇది తల" అని తాపీగా చూపించారు. నా చావు నాకంటే ముందే వచ్చి అక్కడ చోటు పట్టుకున్నట్టుంది.

"రెండంగుళాలే జరుపుతా. అంతకు మించితే బెల్టు మీ భుజాన్ని వదిలేస్తది. మిగతాది సీటు కిందికి దించి సర్దుతా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "కాళ్ళు నావండీ. నాలుగంటే నాలుగే" అన్నాను. ఆయన షెడ్డు మూలన, గోడవైపు తిప్పి ఇటుకల మీద నిలబెట్టిన పాత సీటు చూపించారు. "ఓసారి దాంట్లో కూర్చుని చెప్పండి."

జన్మలో అంత హాయిగా ఎక్కడా కూర్చోలేదు. తొడలు ఆనాయి, మెడ ఆనింది. దిండు మధ్యలో పడిన పల్లం కూడా నాకు కొలిచినట్టు సరిపోయింది. "నాక్కావలసింది ఇదే. ఎవరిదండీ?" అన్నాను.

"మీ అంత పొడుగాయనది. పట్టుబట్టాడు. నాలుగంగుళాలు జరిపి, కొత్త చోట బెజ్జాలేసి నేనే బిగించా. ఆ కార్లోనే గుద్దుకుని పోయాడు. కింద చూడండి."

వంగి చూశాను. బోల్టులు చెక్కుచెదరలేదు. వాటిని పట్టుకుని చిరిగొచ్చిన ఫ్లోరు రేకు ముక్కలు వేలాడుతున్నాయి. నేను లేచిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"రోజూ మధ్యాహ్నం దాంట్లో కూర్చుంటానండీ. కాసేపటికి మెడ మీద ఊపిరి తగుల్తది. లెమ్మని ఆయనకెట్టా చెప్పను?" అన్నారు మేస్త్రి గారు. నవ్వుతున్నారేమో అని చూశాను. నవ్వడం లేదు.

నా సీటు రెండంగుళాలే జరిగింది. పాత బోల్టుల చోట్లే వాడుకుని, మందపాటి ఇనప పట్టీలు వేసి బిగించారు. రెండేళ్ళ తర్వాత మంచు పట్టిన ఒక ఉదయం, లైట్లు లేని పత్తి ట్రాక్టరును గుద్దాను. మేస్త్రి గారు ముందు నన్ను చూడ్డానికి రాలేదట. స్టేషను ఆవరణలో పడి ఉన్న నా కారెక్కి, నా సీట్లో కళ్ళు మూసుకుని గంటసేపు కూర్చున్నారట. కానిస్టేబుల్ భయపడి పిలిచినా పలకలేదట. ఆ తర్వాత ఆసుపత్రికి వచ్చి, నా భుజం నుంచి పొట్టదాకా బెల్టు కమిలించిన చార చూసి, "పట్టుకుంది" అని ఏడ్చేశారు. ఆ మొండి మనిషి వల్లే నేను బతికున్నాను.

ఆయన్ని సమాధుల దొడ్డికి తీసుకెళ్ళిన రోజు, ఊరివాళ్ళ తలల మీదుగా పది పదిహేను తలలు కనిపించాయి. అందరూ నా అంత ఎత్తు. ఒకరికొకరం తెలియదు. ఎందుకొచ్చామో మాత్రం అడక్కుండానే తెలిసిపోయి, గోడ వారగా ఒకచోట చేరాం.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఒక పొట్టి ముసలామె గుప్పెడు మట్టి వేసింది. "ఆ సీటాయన భార్యండీ" అని మేస్త్రి గారి అమ్మాయి నా పక్కకొచ్చి మెల్లగా చెప్పింది. "నాన్న ఏటా వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిలబడేవాడు. ఒక్కసారన్నా ఆమె తలుపు తియ్యలా."

ఆమె వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి ఆగిపోయింది. ఎవరి మొహమూ చూడకుండా నడిచొచ్చి, నాకు బాగా దగ్గరగా నిలబడింది. తన నడినెత్తి మీద చెయ్యి పెట్టుకుని, ఆ చేతిని అలాగే నా చొక్కా దాకా జరిపింది. రెండో గుండీ దగ్గర ఆగింది.

"ఆయనకి ఇక్కడిదాకా వచ్చేదాన్ని" అంది.

చెయ్యి తియ్యలేదు. నేను కదల్లేదు.