డోరీన్ గారి డిన్నరు

మా పక్కింటి డోరీన్ ఎంట్‌విజిల్ గారు ముప్పై ఒక్క ఏళ్లు మా ఊరి బళ్లో పిల్లలకు డిన్నరు వడ్డించారు. ఉత్తర ఇంగ్లండులో, మా లాంకషైర్ వైపు డిన్నరంటే మధ్యాహ్నం పన్నెండింటికి తినేది. సాయంత్రం తినేదాన్ని టీ అంటాం. పుట్టినప్పటి నుంచీ అంతే.

రిటైరయ్యాక ఆవిడకు వడ్డించడానికి నేను తప్ప ఎవరూ దొరకలేదు. ఆ వేసవిలో కొండ మీద బీడు అంటుకుంది. రెండో రోజుకల్లా ఆవిడ కొండ కింద కార్ల స్థలంలో గుడారం వేసి, ఫైరు సిబ్బందికి తిండి పెట్టడం మొదలుపెట్టారు. ఆవిడను ఎవరూ పిలవలేదు. నన్నూ ఎవరూ పిలవలేదు. నలభై ఏళ్లు బస్సు నడిపినవాణ్ని, కప్పులు కడుగుతూ కూర్చున్నాను.

బడి అలవాటు ఆవిడకు పోలేదు. కొండ ఎక్కేవాళ్ల తలలు లెక్కపెట్టేవారు, దిగేటప్పుడు మళ్లీ లెక్కపెట్టేవారు. మూడో రోజు పొద్దున పొగ చూసి ఆవిడ కేక పెడితే రెండు ఫైరింజన్లు పరుగెత్తాయి. తీరా చూస్తే చర్చి ఫాదర్ గారి పెరట్లో సాసేజీలు కాలుతున్నాయి.

ఫైరు క్యాంపు పెద్ద ట్రాంటర్ వచ్చాడు. "అమ్మా, ఇంకోసారి ఇలా కేకలేశారంటే గుడారం ఎత్తించేస్తాను."

ఆ తర్వాత దక్షిణ ఇంగ్లండు నుంచి వచ్చిన నలుగురు ఫైరువాళ్లు కొండ ఎక్కారు. వాళ్ల నాయకుడు గైల్స్ అనే కుర్రాడు గుడారం దగ్గర ఆగాడు.

"మాకు నాలుగు ప్లేట్లు ఉంచండమ్మా. డిన్నరుకి దిగిపోతాం."

"ఆలస్యం చేశావంటే చెవి మెలేస్తాను నాయనా."

పన్నెండయింది. ఆవిడ మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన 'పై' రొట్టె కోసి, బఠాణీలు పక్కన వేసి వడ్డించారు. అందరూ తిన్నారు. నాలుగు ప్లేట్లు మిగిలాయి. ముప్పావు గంట గడిచినా అలాగే ఉన్నాయి.

"ఆర్నాల్డ్, ఆ నలుగురూ ఏరీ?" అని నన్నడిగారు.

"వస్తార్లే. కాళ్లున్నాయిగా."

"డిన్నరుకన్నారు. డిన్నరైపోయింది."

ఒంటిగంటకు గాలి తిరిగింది. మా కొండ నేల పైన తడిసినట్టే ఉన్నా లోపల కాలుతుంది. నిప్పు మట్టి కింద పాకి, మనిషి వెనకాల ఎక్కడో లేస్తుంది. ఆవిడకు కోపం రావడం వందసార్లు చూశాను. భయపడడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే, నాకూ భయమేసింది.

ఆవిడ తిన్నగా ట్రాంటర్ దగ్గరికి వెళ్లారు. ఆయన కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "ఏడింటికి దిగుతారని రాసుంది చూడండి."

"కాగితం నాతో మాట్లాడలేదు. ఆ పిల్లాడు మాట్లాడాడు. డిన్నరుకొస్తానన్నాడు."

ఆయన రేడియోలో పిలిచాడు. జవాబు లేదు. "ఆ లోయలో రేడియో ఎప్పుడూ అందదు. పొద్దున సాసేజీలు, ఇప్పుడు 'పై' రొట్టె. వెళ్లి టీ పెట్టుకోండమ్మా."

"గుడారం ఇప్పుడే ఎత్తించుకో. గిన్నెలతో సహా పట్టుకుపో. ముందు ఆ పిల్లల కోసం మనిషిని పంపు!"

కొండ కాపలాదారు హెడ్లీ ఇదంతా విన్నాడు. ఎవరినీ అడగలేదు. నాలుగు చక్రాల బైకెక్కి వెళ్లిపోయాడు.

అతను తిరిగి వచ్చేదాకా ఆవిడ కూర్చోలేదు. రెండు దాటాక పొగలోంచి బైకు కనిపించింది. వెనక మసిబారిన మనుషులు నడిచి వస్తున్నారు. ఆవిడ పైకే లెక్కపెట్టారు. నాలుగు. వాళ్లెక్కిన దారిని వెనక నుంచి నిప్పు మూసేసిందట, ముందున్న మంటతో పోరాడుతూ వాళ్లు చూసుకోలేదట. హెడ్లీ వాళ్లను గొర్రెల బాటన వాగులోంచి దింపుకొచ్చాడు. వాళ్లు ఇంకా ముఖాలు కడుక్కుంటుండగానే ఆ బాట కూడా అంటుకుంది.

గైల్స్ దగ్గుతూ అడిగాడు. "అయినా మాకోసం మనిషినెందుకు పంపారు? డిన్నరుకని చెప్పాను కదా. ఏడింటికి."

అందరూ డోరీన్ గారి వైపు చూశారు. ట్రాంటర్ తన కాగితం వైపు చూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒంటిగంట నుంచి ఏడింటికి ఎన్ని గంటలో, అప్పటిదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు.

"ఏడింటికి తినేది డిన్నరైతే, పన్నెండింటికి తినేదాన్ని ఏమంటావు?"

"లంచ్ అంటామమ్మా."

"అంటే ముప్పై ఒక్క ఏళ్లూ నేను పెట్టింది లంచా? చాల్లే ఊరుకో! కూర్చుని తిను. చల్లారిపోయింది, నీ ఖర్మ."

ఆవిడ ప్లేటు ఠపీమని పెట్టేసరికి బఠాణీలు బల్లంతా దొర్లాయి. గైల్స్ వాటిని ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున క్యాంపు బోర్డు మీద ట్రాంటర్ దస్తూరీలో కొత్త ఉత్తర్వు కనిపించింది. ఎక్కడి నుంచి వచ్చినవాళ్లయినా సరే, డోరీన్ గారి డిన్నరుకు కొండ దిగి లెక్కకు నిలబడాలి. కొండ ఇంకో తొమ్మిది రోజులు కాలింది. ఆ తొమ్మిది రోజులూ పన్నెండింటికి మనుషులంతా వరసలో నిలబడ్డారు, ట్రాంటర్‌తో సహా. ఆవిడ గరిటె పట్టుకుని తలలు లెక్కపెట్టారు.

ఏ రోజూ ఒక్క ప్లేటు మిగల్లేదు.