సీలు చిరగని తూటాల డబ్బా

దివాకర్ వేటగాడంటే మిషిగన్‌లోని మా నోవై ఊళ్ళో ఎవరూ నమ్మేవారు కాదు. నేనూ నమ్మలేదు. కార్ల సీటు బెల్టులు తెగేదాకా లాగి పరీక్షించే ఉద్యోగం అతనిది. ఇంట్లో సాలీడు కనబడితే గ్లాసులో పట్టి పెరట్లో వదిలి వస్తాడు. పార్కింగ్‌లో ఎవరైనా తన ముందు దూరితే హారన్ కూడా కొట్టడు. అలాంటి మనిషి, గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది అందరిలా పెద్ద ఇల్లు వెతుక్కోకుండా, వెళ్ళి తుపాకీ కొన్నాడు. వాళ్ళ తాత పల్నాడులో కుందేళ్ళ వేటకు వెళ్ళేవాడట, ఇతన్నీ వెంట తిప్పుకునేవాడట. అమెరికా వచ్చాక ఎవరి తాత గురించి వాళ్ళు ఏమైనా చెప్పుకోవచ్చు కాబట్టి ఆ మాటనూ నేను సగమే నమ్మాను.

ఏటా నవంబరులో నారింజరంగు కోటు తొడుక్కుని, కారు వెనక ఐస్ బాక్సు పెట్టుకుని జింకల వేటకని ఉత్తరానికి వెళ్ళేవాడు. నాలుగు రోజులకు తిరిగొచ్చేవాడు. ఐస్ బాక్సులో కరిగిన నీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. ఎనిమిదేళ్ళు ఇదే తంతు. బర్త్‌డే పార్టీల్లో అందరూ చెవులు కొరుక్కునేవారు. కాసినోకి వెళ్తున్నాడని మా వీధి చివరింటి చక్రపాణిగారు తేల్చారు. ఆయనే కాసినోకి వెళ్ళే మనిషి గనక ఆ ఊహ ఆయనకు తొందరగా తట్టింది.

దివాకర్ భార్య అనురాధ మా పక్కింటావిడ. వాళ్ళకు ఒక్కతే కూతురు, నైనిక. అనురాధ తెనాలి మనిషి. దేన్నీ నమ్మి వదిలేసే రకం కాదు. కూరలో ఉప్పు తానే వేసి, వేశానో లేదోనని మళ్ళీ తానే రుచి చూస్తుంది. చికెన్ తింటుంది, మటన్ తింటుంది. అయినా మొదటి ఏడాది దివాకర్ వేటకు బయలుదేరుతుంటే, స్టవ్ దగ్గర అట్లు వేస్తూ, "తుపాకీతో చచ్చింది ఏదీ నా స్టవ్ ఎక్కదు, ముందే చెబుతున్నా" అంది. నేను అక్కడే కూర్చుని అట్టు తింటున్నాను. ఆవిడ రోజుకు అలాంటివి పది అంటుంది. నేను నవ్వి ఊరుకున్నాను.

పోయిన వేసవిలో గ్యారేజీ సర్దుతూ నాకు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"రేణూ, ఒకసారి రావే. ఇది చూడు."

వేటకని దివాకర్ విడిగా పెట్టుకున్న తూటాల డబ్బా అది. గురి ప్రాక్టీసుకు వాడేవి వేరు, ఇవి వేరు. డబ్బా అంచున అంటించిన సీలు అంటించినట్టే ఉంది. పైన దుమ్ము.

"సీలు కూడా చిరగలేదే! ఎనిమిదేళ్ళుగా ఈయన తుపాకీలో తూటా పెట్టడమే లేదు. మరి అక్కడేం చేస్తున్నట్టు?"

నిజం చెప్పాలంటే, కాసినో మాట నిజమేనేమోనని నాకూ అనిపించింది.

సరిగ్గా అదే నెలలో ఎలుగు వేట లైసెన్సుల లాటరీలో దివాకర్ పేరు వచ్చింది. మిషిగన్‌లో నల్ల ఎలుగుబంటిని వేటాడాలంటే ఏళ్ళ తరబడి దరఖాస్తు పెట్టాలి, అప్పటికి గానీ లైసెన్సు రాదు. అతను సంబరంగా ఆ సంగతి చెప్పగానే అనురాధ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"ఈసారి నేనూ నైనికా కూడా వస్తాం. ఎలుగును కొట్టారా, సరే. ఉత్తచేతులతో వచ్చారా, ఆ తుపాకీ ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

దివాకర్ డబ్బా మీద దుమ్ము తుడిచాడు. "సరే. రండి" అన్నాడు. ఆ తుపాకీ పోతే అతనికి మిగిలేవి సీటు బెల్టులు, వారాంతపు పార్టీలు. ఆ రోజు అతని ముఖం చూసి నాకే జాలేసింది. అయినా అతను నిజమేమిటో చెప్పలేదు.

వాళ్ళతో నేను వెళ్ళలేదు. వచ్చాక భార్యాభర్తలిద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. ఇద్దరి మాటా కలిసినచోటే ఇక్కడ రాస్తున్నాను.

సెప్టెంబరులో పెద్ద వంతెన దాటి అడవుల్లోకి వెళ్ళారు. దివాకర్ ఆఫీసులో పనిచేసే మార్క్‌కు అక్కడ కొంత భూమి, ఒక చెక్క ఇల్లు ఉన్నాయి. ఎలుగుకు ముందునుంచే తీపి అలవాటు చేయాలి. అందుకని అంతకుముందు వారాంతాల్లో దివాకర్, మార్క్ ఇద్దరూ వెళ్ళి, పాత డోనట్లు పోసి వచ్చేవారు. డోనట్ల మీద దివాకర్ బెల్లం పాకం కూడా పోసేవాడు. ఎలుగులు డోనట్లను వదిలేసి ముందు బెల్లం నాకేవట. ఇంట్లో బెల్లం డబ్బా ఎందుకు ఖాళీ అవుతోందో అనురాధకు అప్పుడు తెలిసింది. "నేను నైనికను అనుమానించాను" అని ఒప్పుకుంది.

చెక్క ఇంట్లో సామాను దింపుతుంటే అనురాధ పెట్టెలోంచి పెద్ద కుక్కర్ బయటికి వచ్చింది. తర్వాత అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, ఎండుకొబ్బరి, ఒక సంచెడు ఉల్లిపాయలు.

"ఇవన్నీ ఎందుకు? రెండు రోజులకి బ్రెడ్ సరిపోదా?" అన్నాడు దివాకర్.

"ఎలుగును వండటానికి. కొడితే వండేదెవరని రేపు మీరు సాకు చెప్పకూడదుగా."

"నువ్వు వండుతావా?"

"కొట్టండి ముందు. కొడితే నేనే వండుతా."

తప్పించుకునే దారులన్నీ ముందే మూసేయాలని ఆవిడ ఎత్తు. దివాకర్ కుక్కర్ మూత తీసి లోపలికి చూశాడు. అల్లం వెల్లుల్లి సీసా చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టాడు. గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి చర్రుమని చిరిగిన చప్పుడైంది. అనురాధ తొంగి చూస్తే, సీలు చించేసి తూటాలు మంచం మీద పేరుస్తున్నాడు.

'నేను వచ్చానని నాటకం' అనుకుందావిడ.

సాయంత్రం ముగ్గురూ అడవిలో, మాటు వేయడానికి కట్టిన చెక్కల గూటిలో కూర్చున్నారు. ముందు చిన్న కిటికీ, దాని ఎదురుగా కొంచెం దూరంలో తీపి కుప్ప. ఎలుగు వాసన పసిగడుతుందని దివాకర్ తలకు నూనె వద్దన్నాడు, ఒంటికి వాసన లేని సబ్బే వాడాలన్నాడు. వాసనే లేకపోతే అది సబ్బేనా అని అనురాధకు అనుమానం. పదకొండో తరగతి చదువుతున్న నైనిక ఫోన్ పట్టుకుని వీడియోకు సిద్ధంగా ఉంది.

"నాన్నా, బేర్ నిజంగా వస్తుందా?"

"ష్."

వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ చెట్ల మధ్యనుంచి నడిచి వచ్చింది. అంత పెద్ద జంతువు ఎండుటాకుల మీద నడుస్తుంటే చప్పుడు రాకపోవడం కూడా అనురాధకు అనుమానంగానే తోచింది. దివాకర్ తుపాకీ ఎత్తాడు. ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

"కొట్టండి" అంది గుసగుసగా.

"ఆగు."

"ఎదురుగా ఉందిగా, కొట్టండి!"

"ఆగు, అనూ."

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అనుకున్నదంతా నిజమే, ఈ మనిషి కొట్టలేడు, ఎనిమిదేళ్ళుగా మమ్మల్ని మోసం చేస్తున్నాడు అనుకుంది. అప్పుడు వెనక పైన్ చెట్టు మీదనుంచి రెండు నల్లటి పిల్లలు గోళ్ళతో బెరడు గీసుకుంటూ జారి దిగాయి. పిల్లలున్న తల్లిని కొట్టడం చట్టరీత్యా నేరం. దివాకర్ తుపాకీ దించేశాడు. మూడూ తిని వెళ్ళేదాకా కదలకుండా కూర్చున్నారు.

తిరిగి వస్తుంటే అనురాధ ఊరుకోలేదు. "పిల్లలు కనబడకముందే ఆగారు మీరు. ఎలా తెలుసు?"

"తిండి ముందు పెట్టుకుని వెనక్కి చూస్తోంది. పార్టీల్లో నువ్వూ అంతేగా. ప్లేటు పట్టుకుని, నైనిక తిన్నదా లేదా అని చూస్తుంటావు."

నైనిక పకపకా నవ్వింది. మాట బాగానే ఉంది. అంత బాగుండటం వల్లే అనురాధకు నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు ఆదివారం. సోమవారం నైనికకు స్కూలు, కాబట్టి అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం నుంచి మళ్ళీ గూటిలో కూర్చున్నారు. గాలి ఆగిపోయింది. ఇక రాదని నైనిక ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నప్పుడు చెవి చిరిగిన ఒక మగ ఎలుగు వచ్చింది. తిన్నగా కుప్ప దగ్గరికి నడిచి, కూలబడి, తినడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

అనురాధ ఎలుగును చూడలేదు. భర్త వేలినే చూస్తోంది. ఆ వేలు మెల్లగా లోపలికి వంగింది.

చప్పుడుకు చెవులు గింగురుమన్నాయి. ఎలుగు ఎగిరి చెట్లలోకి పరుగెత్తింది. కొమ్మలు విరిగిన శబ్దం, ఆ వెంటనే నిశ్శబ్దం. కొంతసేపు ఆగి వెళ్ళి చూస్తే పొదల పక్కన పడి ఉంది. దివాకర్ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మెడ మీద చెయ్యి వేశాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నైనిక వీడియో ఆపేసింది.

"నాన్నా, ఆర్ యూ ఓకే?"

"బాధగా ఉందమ్మా. ఉండాలి కూడా."

మార్క్ వచ్చాడు. నలుగురూ కలిసి లాగి ట్రక్కులోకి ఎక్కించారు. వేటాడిన ఎలుగును నమోదు చేయించే చోట ఒక కుర్ర ఆఫీసరు, వయసు తెలుసుకోవడానికట, చిన్న పన్ను ఒకటి ఊడదీశాడు. కాల్చింది ఎవరని అడిగాడు. దివాకర్ నోరు తెరిచేలోపే అనురాధ ముందుకొచ్చి, "మై హస్బెండ్. ఐ సా ఇట్" అంది.

ఈ ఒక్క మాట దివాకర్ నాకు మూడుసార్లు చెప్పాడు.

ఇక్కడినుంచి నేను కళ్ళారా చూసినదే. మంగళవారం సాయంత్రం అనురాధ పిలిస్తే వెళ్ళాను. వాళ్ళ వంటింట్లో ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాను. బాగా ఉడకాలని మార్క్ గట్టిగా చెప్పాడట, కుక్కర్ విజిల్ మీద విజిల్ వేస్తోంది. ఇల్లంతా మసాలా వాసన. గరిటె పట్టుకుని నిలబడ్డ అనురాధ ఇంకా తృప్తి పడలేదు.

"ఇప్పుడైనా నిజం చెప్పండి. ఇన్నేళ్ళూ జింకలే కనబడలేదా?"

"కనబడ్డాయి. చాలా."

"మరి ఎందుకు కొట్టలేదు?"

దివాకర్ నావైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "నువ్వు వండనన్నావుగా."

"నేనెప్పుడన్నాను?"

"మొదటి ఏడాది. అక్కడే నిలబడి. రేణుగారు అట్టు తింటున్నారు."

అనురాధ నావైపు తిరిగింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది. తలూపాను.

"తినని జంతువు మీద మా తాత రాయి కూడా వేయనిచ్చేవాడు కాదు" అన్నాడు దివాకర్. "ఇంట్లో వండరని తెలిసీ చంపి ఏం చేసుకోను? అందుకే ఊరికే వెళ్ళి, కూర్చుని, చూసి వచ్చేవాణ్ణి. మొన్న నేను అడక్కుండానే నువ్వు కుక్కర్ తెచ్చావు కాబట్టి కొట్టాను."

"ఎనిమిదేళ్ళా! ఒక్క మాట అడగొచ్చుగా! అడిగితే వండుతాననేదాన్ని కాదా?" అరిచింది అనురాధ.

"అనేదానివి. వండేదానివి కూడా." కుక్కర్ వైపు చూశాడు. "తినేదానివి కాదు."

నాకు లేచి వెళ్ళిపోదామనిపించింది. అనురాధ ముఖం ఎర్రబడింది, కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళూ అనుమానమంతా తన సొత్తే అనుకుంది పాపం.

"అంటే, మీకు నామీద అనుమానం."

దివాకర్ కాదనలేదు.

ఆవిడ స్టవ్ కట్టేసింది. ఆవిరి పోయేదాకా కుక్కర్ ముందే నిలబడి, మూత తీసి, అతనికి వడ్డించింది. అతని ప్లేటులోంచే ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. దివాకర్ అన్నం కలపడం మాని ఆవిడ గొంతు వైపే చూస్తున్నాడు, తల్లి ఎలుగు చెట్టు వైపు చూసినట్టు.

"ఏం చూస్తారు? మింగాను" అని నోరు తెరిచి చూపించింది. తర్వాత తన ప్లేటు అతని ముందుకు జరిపింది.

"ఇంకో రెండు ముక్కలు వెయ్యండి."