పట్టీ నిలవని కాలు

1943లో నేను అచ్చంపేట దవాఖానలో నర్సుని. యుద్ధం మూలంగా బట్టకు కరువు. బ్యాండేజీలు పైనుంచి రావడం మానేశాయి. పెద్దిళ్లలో పాత ధోవతులు అడిగి తెచ్చి పేలికలుగా చింపే పని నా నెత్తిన పడింది. చింపడమంటే చేతికొచ్చినట్టు పీకడం కాదు. అంచు తీసేసి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, నేతపోగు వెంట లాగాలి. వేలాడే దారాలు ఏరెయ్యాలి, లేకుంటే పుండుకు అతుక్కుంటాయి. ఆపైన ఉడకబెట్టి ఆరెయ్యాలి. సాయంత్రానికి వేళ్లు మంటలెత్తేవి.

అంత కష్టపడి చేసిన పట్టీని బాలయ్య అనే కూలీ రోజుకొకటి మాయం చేసేవాడు. కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారి మోకాలి కింద లోతుగా తెగింది. పొద్దున డ్రెస్సింగ్, అంటే పుండు కడిగి, మందు పెట్టి, కట్టు కట్టి పంపితే, మర్నాడు పుండు మీద ఏదో ఆకు కప్పుకుని వచ్చేవాడు.

"పట్టీ ఏదయ్యా?"

"ఊడిపోయిందమ్మా."

"నేనేసిన ముడి నేనే ఇప్పలేకపోతున్న. నీ కాలికే ఎట్ల ఊడుతాంది?"

తల దించుకునేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి చీము పట్టి జ్వరం వచ్చింది. ఇట్లాగే ఉంటే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట విని, నిండు చూలాలైన అతని భార్య ఎల్లమ్మ ఏడుస్తూ కొంగు చాటునుంచి ఒక గుడ్డ తీసింది. నేను చింపిన పేలికలన్నీ ఉతికి, ఒకదానికొకటి కలిపి కుట్టింది.

"పుట్టే పిల్లకు మొదలు పాత బట్టనే కప్పాలె కదమ్మా. గా పాత బట్ట మా ఇంట్ల యాడిది? ఒంటి మీద ఉన్నదొక్కటే," అంది.

"చీము గుడ్డల పసిపిల్లను పండబెడ్తవా? జరంతన్న బుద్ధున్నదా?" అని దాన్ని లాక్కుని పొయ్యిలో వేశాను.

ఆమె పొయ్యి వైపే చూస్తూ నిలబడింది. నాకు చిరాకు మరింత పెరిగింది. చింపడానికి పెట్టుకున్న మూటలోంచి మెత్తటి ధోవతి ఒకటి తీసి, చింపకుండానే ఆమె చేతిలో పెట్టాను.

"ఇగ కాలి పట్టీ ముట్టినవంటే చూడు," అన్నాను.

ఆ తర్వాత బాలయ్య పట్టీ ఒక్కనాడూ ఊడలేదు. కాస్త కుంటుతూనే అయినా సొంత కాలి మీద నడిచాడు.

అప్పటిదాకా దెబ్బ ఎట్లా తగిలిందనే అడిగేదాన్ని. ఇంట్లో పాత బట్ట ఉందా అని కూడా అడగడం అప్పుడే నేర్చుకున్నాను. లేదన్నవాళ్లకు ముందు అది ఇచ్చి, ఆ తర్వాతే కట్టు కట్టేదాన్ని.